అప్పలసూరి దండం

మొన్న వాన పడిన సాయంత్రం మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ముందు వాచ్‌మన్ ఒక గోనెసంచి పరిచాడు, జనం కాళ్ళు తుడుచుకుని ఎక్కుతారని. హైదరాబాదులో గోనెసంచి కంటబడడమే అరుదు. బియ్యం కూడా ఇక్కడ ప్లాస్టిక్ బస్తాల్లోనే వస్తాయి. తడిసిన జనపనార వాసన ముక్కుకి తగలగానే, లిఫ్టు వచ్చినా ఎక్కలేకపోయాను. వాచ్‌మన్ నా వంక అనుమానంగా చూసి, "వాసనొస్తోందా సార్, తీసెయ్యమంటారా" అన్నాడు. వద్దు, ఉండనీ అన్నాను. ఆ వాసనలో నా యవ్వనం సగం గడిచిందని అతనికేం చెబుతాను. విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో, ఒక గోనెసంచుల కొట్టు మీది అంతస్తులో మా ఆఫీసు ఉండేది. కింద నెల్లిమర్ల నుంచి లారీల్లో దిగిన సంచుల కట్టలు, పైన కంప్యూటర్ల ముందు మేము నలుగురైదుగురం. వానాకాలం వచ్చిందంటే ఆ వాసన మెట్లెక్కి పైకొచ్చి మాతోపాటే కూర్చునేది. అది వదిలించుకోవడానికి మేము అగరొత్తులు వెలిగిస్తే పార్వతక్క ఆర్పేసేది. రెండు వాసనలు కలిస్తే ఇంకా తలనొప్పి అనేది.

పార్వతక్క పోయి రెండేళ్ళు దాటింది. పేరు చెబితే గుర్తుపట్టేంత పెద్ద మనిషి కాదు. మీరెవరూ ఆవిడని చూసి ఉండరు. చూసి ఉంటే మాత్రం మరచిపోయేవారు కాదు, మొదటి మాటలోనే మిమ్మల్ని ఏదో ఒకటి అనేసి ఉండేది. పుట్టింది శ్రీముఖలింగంలో. వాళ్ళది గుడిలో వాద్యసేవ చేసే కుటుంబం. తండ్రి జగన్నాథం గారు డోలు వాయించేవారు. ఆడపిల్ల కాబట్టి ఆవిడకి నేర్పలేదు. నేర్పకపోయినా చెవులైతే మూసెయ్యలేరు కదా అని నవ్వేది. శ్రీకాకుళంలో చదువుకుని, బెంగళూరులో పెద్ద వీడియో గేముల కంపెనీలో చాలాకాలం పనిచేసింది. తెరమీద బొమ్మలు నడిచే నడకలు, కొట్టే దెబ్బలు తయారుచెయ్యడం ఆవిడ పని. అదంతా వదిలేసి విజయనగరం వచ్చి సొంతంగా ఈ చిన్న ఆఫీసు పెట్టింది. ఎందుకు వచ్చేశావక్కా అని అడిగితే ఒకరితో నీళ్ళు పడలేదనేది, ఇంకొకరితో అక్కడ వంకాయలు బాగోవనేది. అసలు కారణం మాకెవరికీ చెప్పలేదు. మేమూ వంకాయల దగ్గరే ఆగిపోయాం.

మేము తయారుచేసిన ఆట పేరు 'గరిడి'. మా వైపు కర్రసాము, కత్తిసాము నేర్చుకునే చోటునీ, ఆ విద్యనీ కూడా గరిడి అంటారు. పండగలకీ ఊరేగింపులకీ డోలు దెబ్బ మీద గరిడి ఆడుతుంటే చూడ్డానికి ఊరంతా వస్తుంది. దాన్ని ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కొట్టుకునే వీడియో గేముగా మార్చింది పార్వతక్క. అందులో మోగే డోలు వాళ్ళ నాన్నగారిదే, ఆయన వాయిస్తుంటే రికార్డు చేసుకొచ్చింది. మొదటిది జనానికి నచ్చితే రెండోది, ఆ తర్వాత మూడోది వచ్చాయి. అలా అదొక సిరీస్ అయింది. అందులో ముఖ్యమైన పోరాటగాడు అప్పలసూరి. నడివయసువాడు, బక్కపలచటివాడు, బిగించి కట్టిన పంచె, చేతిలో వెదురు కర్ర. అందగాడేం కాదు. మా ఆటలో కుర్రవాళ్ళు, కండలున్నవాళ్ళు ఎంతమందో ఉన్నా, మా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో అందరూ ఆడేది మాత్రం అతన్నే.

నేను పాతపట్నంలో కిరాణా కొట్టు వాళ్ళబ్బాయిని. డిగ్రీ అయ్యాక కొట్లో కూర్చుని ఫోనులో ఆటలాడుతూ, చింతపండు తూచమంటే పంచదార తూచే దశలో ఉన్నాను. మా నాన్న విసిగిపోయి, ఆటలాడేవాళ్ళకి ఎవరైనా ఉద్యోగమిస్తారేమో వెతుక్కో అన్నాడు. ఆయన తిట్టాడు, నేను నిజంగానే వెతుక్కున్నాను. ఇంటర్వ్యూకి వెళితే పార్వతక్క కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, సర్టిఫికెట్లు పక్కకి నెట్టి నా చేతిలో కంట్రోలర్ పెట్టింది. ఇద్దరం ఆడాం. నేను ఆవిడ బొమ్మని మూలకి తోసి, లేవనివ్వకుండా ఒకే తన్ను మళ్ళీ మళ్ళీ తన్ని గెలిచాను. ఆవిడ కంట్రోలర్ కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఒరే, ఇలాగ గెలిస్తే నీకు బాగుంటాదేటి?"

"బాగుంటాదక్కా," అన్నాను. భయంలో అబద్ధం తోచలేదు.

"నిజం సెప్పినావు. ఇంకోడైతే నీతులు సెప్పీవోడు. రేపు పొద్దున్న వచ్చీ."

అలా చేరాను. ఎవరు ఎంత వేగంగా కొట్టాలి, తగిలితే ఎంత నొప్పి, ఎప్పుడు దొరికిపోతారు, ఈ లెక్కలు చూడ్డం నా పని. పార్వతక్క పనిచేసే పద్ధతి మొదట్లో నాకు పిచ్చి పట్టించేది. తెరమీద బొమ్మ కదలికలు నడుస్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని, వేలి కణుపులతో బల్ల మీద డోలు దరువు వేసేది. దెబ్బ ఆ దరువులో పడకపోతే మొత్తం చెరిపేసి మళ్ళీ చెయ్యాలి. నేను ఒకసారి అప్పలసూరి కర్రదెబ్బని ఇంకొంచెం చురుగ్గా చేస్తే, ఆడేవాళ్ళకి బాగుంటుందని చెప్పి చూపించాను. ఆవిడ దరువు వేస్తూ ఒకచోట ఆగిపోయింది. "ఇను. ఇక్కడ సేతులెత్తినాడు. ఇక్కడ దెబ్బేసినాడు. మజ్జిన ఊపిరుండాల. ఆ ఊపిరి నువ్వు తినీసినావు" అంది. ఊపిరి ఉంటే ఎదుటివాడికి తెలిసిపోతుంది కదక్కా, తప్పుకుంటాడు అన్నాను. "తెలియాల. తప్పుకునీ వీలుండాల. అప్పటికీ తగిల్తేనే అది దెబ్బ" అంది. నేను గొణుక్కుంటూ మార్చాను. ఆ రోజంతా ఆవిడ మీద ఒళ్ళుమండింది. మర్నాడు ఆడి చూస్తే ఆ దెబ్బ నిజంగానే బాగుంది, అది ఇంకా ఒళ్ళుమండించింది.

ఇప్పుడు మేము చేసిన తప్పు గురించి చెప్పాలి. గరిడిలో కర్ర తిప్పేముందు నేలమట్టి తాకి కళ్ళకద్దుకుంటారు. అప్పలసూరి కూడా అలాగే వంగి, మట్టి తాకి, దండం పెట్టి లేస్తాడు. మామూలుగా ఇలాంటి ఆటల్లో పలకరింపులూ దండాలూ అన్నీ రౌండు మొదలవకముందే అయిపోతాయి. మేము మాత్రం రౌండు మొదలయ్యాక పెట్టాం. ఎందుకంటే మా దగ్గర డోలు మొదలయ్యాకే మట్టి తాకుతారు. అంటే ఆ కాసేపూ అప్పలసూరి తల వంచుకుని ఉంటాడు, ఎదుటివాడు నిక్షేపంగా కొట్టొచ్చు. ఈ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. నెలల తరబడి ఆఫీసులో ఆడాం. ఆదివారాలు నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేసేవాళ్ళు వచ్చి ఆడేవారు. వాళ్ళకి పైడిరాజు పెద్ద. మిల్లులో నూలు వడికే విభాగంలో షిఫ్టు దిగి, జుట్టులో నార ధూళితోనే వచ్చి కూర్చునేవాడు. అతను అప్పలసూరిని తీసుకుంటే గెలిచినవాళ్ళు లేరు. అన్ని చేతులు అన్నిసార్లు ఆడినా ఆ లోపం బయటపడలేదు.

ఆట బయట రాష్ట్రాలకి వెళ్ళాక మొదలయ్యాయి ఫిర్యాదులు. మీ అప్పలసూరి పాడైపోయిన బొమ్మ, మొదటి క్షణంలోనే కొట్టి పడెయ్యొచ్చు, చూసుకోలేదా అని. ఒక ఆదివారం నేను వాటిని చదివి వినిపించాను. లెక్కలు చూసేవాణ్ణి నేనే కాబట్టి అందరూ నా వైపే చూశారు.

"మనం ఎవులుమూ కొట్టి సూడనేదేటి?" అంది పార్వతక్క.

"నేదక్కా."

"ఎందుకు?"

గోడకి ఆనుకుని కూర్చున్న పైడిరాజే జవాబు చెప్పాడు. "దండం పెడతన్నాడు కదండి. అప్పుడెలాగ కొడతాం?"

పార్వతక్క పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. ప్రపంచంలో ఇంకెక్కడా చెయ్యని తప్పు చేసినాంరా, దీన్ని బాగుచెయ్యకు అంది. నేను బాగుచెయ్యలేదు. ఆ తర్వాత మా రెండు జిల్లాల్లో ఆడేవాళ్ళ మధ్య అదొక కట్టుబాటైపోయింది. అప్పలసూరి వంగితే ఎదుటివాడు చేతులు వెనక్కి తీసుకుంటాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

కొన్నాళ్ళకి ఒక పెద్ద విదేశీ కంపెనీ ఒక ప్రకటన చేసింది. వేరువేరు కంపెనీల పోరాట సిరీస్‌ల నుంచి ఒక్కొక్కరిని పిలిచి, అందరూ ఒకరితో ఒకరు తలపడే ఆట తయారుచేస్తున్నామని. పది ఊళ్ళ గరిడీలు ఒకే ఉత్సవంలో ఎదురుపడితే ఎలా ఉంటుందో అలాంటిది. ఇక ఎవరొస్తారు, ఏ సిరీస్‌కి చోటు దొరుకుతుంది అని ఇంటర్నెట్టులో ఒకటే గొడవ. మా ఆఫీసులోనూ అదే గొడవ. ఆదివారం ముంతమసాలా పొట్లాలు విప్పుకుని నేనూ పైడిరాజూ కత్తియుద్ధాల సిరీస్ రావాలా, దూరం నుంచి నిప్పులు విసిరే వీరుల సిరీస్ రావాలా అని గొంతులు చించుకునేవాళ్ళం. పార్వతక్క కాసేపు విని ఒక పద్ధతి పెట్టింది. ఎవరి ఇష్టం గురించి వాళ్ళు మాట్లాడకూడదు. తనకి నచ్చని సిరీస్ ఎందుకు రావాలో చెప్పాలి. పైడిరాజుకి నిప్పుల సిరీస్ అంటే అసహ్యం. దగ్గరికి రాకుండా కొట్టడం ఒక కొట్టడమేనా అనేవాడు. అతన్నే దాని తరఫున మాట్లాడమంది. పాపం అతను వారమంతా ఆ ఆటే ఆడొచ్చి, "దూరం కాసుకోడం కూడా ఒక సాములాగే ఉన్నాదండి. దగ్గరికెల్లాలంటే మనకి సెమట్లు పట్టేస్తన్నాయి" అన్నాడు, ఓడిపోయినవాడి మొహంతో. పార్వతక్కకి అది ఎంత నచ్చిందో చెప్పలేను.

"పేరున్నోళ్ళందర్నీ పిలిస్తే సంతవుతాది," అంది. "ఒకడి దగ్గర నేంది ఇంకోడి దగ్గరుంటే ఆటవుతాది. ఎవుడొస్తే బాగుంటాదని కాదురా అడగాల్సింది. ఎవుడు రాకపోతే మిగతావోళ్ళకి వెలితి?"

అలా అడగడం నాకు అప్పటిదాకా రాదు. నాకు ఇష్టమైనదే గొప్పదని వాదించడం తప్ప ఇంకో విద్య తెలియదు. ఆవిడ మా మాటల్లో మా 'గరిడి' పేరు ఎత్తనిచ్చేది కాదు. మన ఆట గురించి మనం చెప్పుకుంటే అది బేరం అనేది.

అలాంటిది, ఒకరోజు ఆ కంపెనీ నుంచే మాకు మెయిల్ వచ్చింది. చిన్న కంపెనీల సిరీస్‌లకి ఒక చోటు ఉంచామని, మూడు సిరీస్‌లు పరిశీలనలో ఉన్నాయని, వాటిలో 'గరిడి' ఒకటని. ఇంకొకటి ఎక్కడో కొండదేశంలో నలుగురు కుస్తీవాళ్ళు చేసుకున్న మల్లయుద్ధాల ఆట, మరొకటి కత్తుల ఆట. నిజం చెప్పాలంటే అప్పటికి మా ఆఫీసు చివరి ఊపిరి మీద ఉంది. మూడో 'గరిడి' సరిగా అమ్ముడుపోలేదు. ఈ చోటు దక్కకపోతే తలుపులు మూసెయ్యాల్సిందేనని మాకందరికీ తెలుసు. పార్వతక్కకి ఇంకో సంగతి కూడా తెలుసు, అది మాకు చెప్పలేదు. ఆవిడ మూత్రపిండాలు పాడవుతున్నాయి. నాలుగో ఆట చేసేంత వ్యవధి తనకి ఉండకపోవచ్చు. తండ్రి డోలు దరువు పదిమందీ వినే చోటుకి చేరాలంటే ఇదొక్కటే దారి.

కంపెనీవాళ్ళు అప్పలసూరిని తమ ఆటలోకి ఎక్కించి, తమ దగ్గరున్న మేటి ఆటగాళ్ళ చేత ఆడించి చూశారు. తర్వాత వీడియో కాల్ పెట్టారు. మర్యాదస్తులే, బొమ్మ చాలా బాగుందన్నారు, డోలు మోత అద్భుతమన్నారు. కానీ వాళ్ళ ఆటగాళ్ళు ప్రతిసారీ అతను వంగినప్పుడే కొట్టి ముందు దెబ్బ సంపాదిస్తున్నారు. ఇలా అయితే కుదరదు, రెండిట్లో ఒకటి చెయ్యండి అన్నారు. దండం తీసెయ్యండి, లేదా దండం పెడుతున్నంతసేపూ అతనికి ఏ దెబ్బా తగలకుండా చెయ్యండి. నాకు ప్రాణం లేచొచ్చింది. రెండోది చిటికెలో పని. ఒక్క అంకె మారిస్తే చాలు, దండమూ ఉంటుంది, ఉద్యోగమూ ఉంటుంది. కాల్ అయిపోగానే మార్చేస్తానక్కా అని కీబోర్డు లాక్కున్నాను.

"ఆగు," అంది పార్వతక్క. "ఎవుడూ కొట్టనేనప్పుడు వంగితే అది దండమేటిరా? దర్జా."

"అక్కా, ఆడేవాళ్ళకి తేడా తెలీదు. వంగడం కనపడతాది, అది సాలదా?"

"నీకు తెలీదేటి తేడా?"

తెలుసు. అందుకే కోపమొచ్చింది. ఇంతమంది బతుకులు దీని మీద ఉంటే ఆవిడ ఒక బొమ్మ వంగడం గురించి పట్టుబట్టడం నాకు న్యాయంగా తోచలేదు. ఆ మాట అనేశాను కూడా. ఆవిడ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రేపు శ్రీముఖలింగం ఎల్దాం, తోడు రా అంది.

జగన్నాథం గారు అప్పటికి డోలు మోయలేని వయసులో ఉన్నారు. వంశధార ఏటి గాలి తగిలే అరుగు మీద నులకమంచంలో కూర్చుని, కూతురు చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. వీడియో గేము అంటే ఏమిటో ఆయనకి సరిగా అర్థమైందో లేదో గానీ, వంగినవాణ్ణి కొడుతున్నారన్న సంగతి మాత్రం అర్థమైంది. "మా కాలంలోనూ ఒకడు కొట్టినాడే అమ్మా" అన్నారు. నేను నిటారుగా కూర్చున్నాను. ఏదో ఉత్సవంలో పొరుగూరి గరిడివాడు ఒకడు, ఎదుటివాడు మట్టి తీసి కళ్ళకద్దుకుంటుండగా కర్ర విసిరి భుజం మీద కొట్టాడట.

"ఆణ్ణేటి సేసినారు తాతా?" అన్నాను. నాలుగు తన్ని ఉంటారని నా ఆశ.

"ఏటి సేస్తాం బాబూ. నేను డోలాపీసినాను. సన్నాయోళ్ళూ ఆపీసినారు. ఆడు కర్రట్టుకుని మజ్జిన నిలబడిపోనాడు. అంత జనంలో ఒక్కలు మాటాడనేదు. కాసేపు సూసినాడు. ఆడే కర్ర కింద పెట్టి, మట్టి తాకి కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు మళ్ళీ వాయించినాను."

తిరుగు ప్రయాణంలో బస్సు శ్రీకాకుళం దాటాక పార్వతక్క నా వైపు తిరిగి, దండం తీసేద్దాంరా అంది. నేను నమ్మలేదు. అంత పట్టుబట్టి ఇప్పుడు మొత్తానికే తీసెయ్యడమేమిటి అన్నాను.

"మనోడు పరాయి సోటుకి ఎల్తన్నాడు. అక్కడ ఆణ్ణి కొడితే డోలాపడానికి మా నాన్నుండడు," అంది. "ఆపీవోడు నేని సోట వంగమని ఆడికి నేను సెప్పనేను. అలాగని దొంగదండం పెట్టించనూ నేను."

"మరి దండం పోయినట్టేనా?"

"ఇన్నాళ్ళూ బొమ్మ సేత పెట్టించినాం. ఇంక పెట్టుకుంటాడో మానుకుంటాడో ఆడీవోడి ఇష్టం."

ఆ పని నాకు చెప్పలేదు. మర్నాడు తనే కూర్చుని, తను చేసిన కదలికలని తన చేత్తోనే తీసేసింది. తీసేముందు ఒకసారి నడిపించి చూసుకుంది. బల్ల మీద వేళ్ళు ఆడాయి, రెండు దరువులు, అంతే. అప్పలసూరి లేచి నిలబడ్డాడు, ఇంక వంగలేదు. నాకు ఏడుపొచ్చి మెట్లు దిగి కింద గోనె కట్టల మీద కూర్చున్నాను. ఆవిడ గెలవాలని వదులుకుందా, ఓడిపోయి వదులుకుందా అని ఆ రోజు నాకు తేలలేదు. ఇప్పుడైతే తెలుసు. అతను ఒంటరిగా దెబ్బ తినకూడదని వదులుకుంది. అందరికంటే ఎక్కువగా ఆ దండం కావాల్సింది ఆవిడకే.

చోటు మాకే వచ్చింది. మిల్లువాళ్ళు ఆఫీసు మెట్ల మీద టపాకాయలు కాల్చబోతే, కింద గోనెలున్నాయని కొట్టు యజమాని లబోదిబోమన్నాడు. పార్వతక్క ఆ రోజే కంపెనీవాళ్ళకి మెయిల్ రాయించింది, మల్లయుద్ధాలవాళ్ళని కూడా తర్వాతైనా పిలవండి, వాళ్ళ దగ్గరున్న పట్టు మీ ఆటలో ఎవరికీ లేదు అని. నాచేతే రాయించింది. మరుసటి విడతలో వాళ్ళని పిలిచారు. మా మాట విని పిలిచారో లేదో తెలియదు గానీ, నాకు మాత్రం మా వాళ్ళు వచ్చినంత సంతోషమైంది.

ఆట విడుదలయ్యే నాటికి ఆవిడ శ్రీకాకుళంలో డయాలసిస్ మంచం మీద ఉంది. ఒక చెయ్యి యంత్రానికి అంకితం, రెండో చెయ్యి ఖాళీ. నేను పక్కన కూర్చుని ఫోనులో నెల్లిమర్లలో జరుగుతున్న పోటీ చూపించాను. మిల్లువాళ్ళు ఎవరి మేడ మీదో టీవీ పెట్టుకుని ఆడుతున్నారు. పైడిరాజు అప్పలసూరిని తీసుకున్నాడు. రౌండు మొదలైంది. డోలు మోగింది, జగన్నాథం గారి డోలే, కంపెనీవాళ్ళు దాన్ని మార్చలేదు. బొమ్మకి దండం లేదు కదా, ఏ ఆటలోనైనా ఉండే మామూలు కదలిక ఒకటుంది, కిందికి నొక్కితే వంగి కూర్చోవడం. పైడిరాజు కిందికి నొక్కాడు. అప్పలసూరి వంగాడు. కాసేపు అలాగే ఉంచి, వదిలాడు. ఎదుటివాడు ఆ కాసేపూ కదల్లేదు. తర్వాత ఇద్దరూ కలబడ్డారు.

నేను పార్వతక్క మొహం వైపు చూడలేకపోయాను. ఖాళీ చేతి వేళ్ళు మంచం ఇనపచట్రం మీద మెల్లగా దరువేస్తున్నాయి. నర్సు వచ్చి చెయ్యి కదపకండమ్మా అంది. ఈ చెయ్యి నాదేనమ్మా, ఆ చెయ్యి నీది, అంది పార్వతక్క. నర్సు వెళ్ళాక, "రెండు డోలుదెబ్బలకీ సరిగ్గా లేపినాడు సూసినావా, దరువు తప్పనేదు" అంది. ఎవరు నేర్పారక్కా వాళ్ళకి అన్నాను. ఎవులూ నేర్పనేదు, నువ్వు మాటాడకుండా సూడు అని కసిరింది. ఆ పోటీ చివరిదాకా చూసింది. పైడిరాజు ఓడిపోయాడు. అప్పలసూరితో అతను ఓడిపోవడం అదే మొదటిసారి, దానికీ నవ్వింది. ఆ వేసవి దాటలేదు ఆవిడ.

ఆఫీసు కొన్నాళ్ళు నడిచి మూతబడింది, నేను హైదరాబాదు వచ్చేశాను. ఇక్కడ పెద్ద కంపెనీలో అదే పని, కొట్టే వేగాలూ తగిలే నొప్పులూ లెక్కచూడ్డం. ఈమధ్య మా వాళ్ళూ పది సిరీస్‌లని కలిపే ఆట ఒకటి మొదలుపెట్టారు. ఎవర్ని పిలవాలని మీటింగు పెడితే, ఎవరు రాకపోతే మిగతావాళ్ళకి వెలితి అని అడుగుతాను. నాకు నచ్చని సిరీస్ తరఫున ముందు మాట్లాడతాను. కొత్తగా చేరినవాళ్ళు నేను పెద్దమనిషినని అనుకుంటారు. మూలకి తోసి ఒకే తన్ను తన్నే మనిషినని వాళ్ళకి తెలియదు. ఆ కోరిక ఇప్పటికీ పోలేదు, వేళ్ళు దానికోసం లాగుతూనే ఉంటాయి. దాన్ని ఆపుకోవడం ఒకటే ఆవిడ దగ్గర నేర్చుకున్నాను.

నిన్న ఆదివారం మధ్యాహ్నం, ఏ దేశంవాడో తెలియని మనిషి ఆన్‌లైన్లో తగిలాడు. మల్లయుద్ధాలవాళ్ళ వస్తాదుని తీసుకున్నాడు. నేను ఎప్పటిలాగే అప్పలసూరి. ఇలా ఆడినప్పుడు ఆగేవాళ్ళు అప్పుడప్పుడూ ఉంటారు, ఎక్కువమంది ఆగరు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకెలా తెలుస్తుంది. డోలు మోగింది. కిందికి నొక్కి, రెండు డోలుదెబ్బలంత సేపు అలాగే ఉంచాను. వస్తాదు ఒక్క దూకున వచ్చి నన్ను ఎత్తి నేలకేసి కొట్టాడు. ఆ రౌండంతా నన్ను లేవనివ్వలేదు. రెండో రౌండు మొదలైంది. ఇప్పుడు నేను గబుక్కున ముందుకెళితే కర్ర అతనికే ముందు తగులుతుంది, ఆ లెక్క నాకంటే తెలిసినవాళ్ళు తక్కువ. డోలు మోగింది. మళ్ళీ వంగాను.